చెరిపేశాక మిగిలిన చేతులు

"ఇటలీలో ఎమ్మెస్ చేసేటప్పుడు బైజాంటైన్ కళ చదివాను" అంటే ఆఫీసులో జనం రెండు రకాలుగా చూస్తారు. కొందరు "అదేం ఫ్రేమ్‌వర్క్?" అంటారు. ఇంకొందరు "దానివల్ల ప్యాకేజీ పెరిగిందా?" అంటారు. రెండో ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. పెరగలేదు. ఆ కోర్సు వల్ల నాకు ఉద్యోగం రాలేదు, వచ్చిన ఉద్యోగం పోనూ లేదు. అయినా ఆ రెండేళ్ల చదువులో ఇప్పటికీ నాకు రోజూ పనికొచ్చే సబ్జెక్టు ఏదంటే దాని పేరే చెబుతాను. ఎందుకో ఈ వారం చెప్పుకుందాం.

ఫీజు లేని సీటు

ఇటలీలో మాస్టర్స్ అంటే 120 క్రెడిట్లు. అందులో కొన్ని మనిష్టం. వేరే డిపార్ట్‌మెంట్ కోర్సు కూడా తీసుకోవచ్చు, దానికి నేను అదనంగా ఒక్క యూరో కట్టలేదు. బొలోన్యాలో మా రూమ్‌లో నలుగురం తెలుగువాళ్లమే. మిగతా ముగ్గురూ ఇంకో మెషిన్ లెర్నింగ్ పేపర్ తీసుకున్నారు. వాళ్లని తప్పు పట్టను. నెత్తిమీద ఎడ్యుకేషన్ లోన్ ఉన్నప్పుడు ప్రతి క్రెడిట్టూ రెజ్యూమె వైపే పరిగెడుతుంది.

నేను లిస్టులో "బైజాంటైన్" అనే మాట దగ్గర ఆగాను. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఈ పేరు కొత్త కాదు. 1982లో లాంపోర్ట్, షోస్టాక్, పీస్ రాసిన "బైజాంటైన్ జనరల్స్ ప్రాబ్లమ్" పేపర్ మనలో చాలామంది చదివినదే. సైన్యాధిపతుల్లో కొందరు ద్రోహులైతే మిగతావాళ్లు ఒక మాట మీదకి ఎలా రావాలన్నది అందులో లెక్క. ఆ జనరల్స్ గురించి పరీక్ష రాశాను కానీ, ఆ బైజాంటియం ఎక్కడుందో నాకు తెలీదు.

ఇంకో కారణం కూడా ఉంది. అప్పటికి ఇటలీ వచ్చి ఎనిమిది నెలలు. నాకు తెలిసిన ఇటలీ అంటే రూమ్, క్లాసు, పార్ట్‌టైమ్ చేసే పిజ్జా షాపు, కందిపప్పు దొరికే బంగ్లాదేశీ కొట్టు. రైస్ కుక్కర్, లాప్‌టాప్, నిద్ర. ఈ జీవితం అమీర్‌పేట హాస్టల్లోనూ దొరుకుతుంది, ఇంకా చవగ్గా.

ఫోన్‌లో నాన్నకి చెప్పాను.

"ఏరా, బైజాంటైన్ అంటే కొత్త సాఫ్ట్‌వేరా?"

"కాదు నాన్నా, పాత సామ్రాజ్యం."

కాసేపు సైలెన్స్. "పాసవుతావుగా?"

"అవుతాను."

"సరే అయితే."

మా ఇంట్లో పర్మిషన్ అంటే అంతే.

తమ పేరు తమకే తెలియని సామ్రాజ్యం

మొదటి క్లాసులోనే ప్రొఫెసర్ మేడమ్ ఒక మాటన్నారు. బైజాంటైన్లు తమని ఎప్పుడూ బైజాంటైన్లు అనుకోలేదట. వాళ్ల లెక్కలో వాళ్లు రోమన్లే. చక్రవర్తి కాన్‌స్టంటైన్ 330లో బైజాంటియన్ అనే పాత ఊరి మీద కొత్త రాజధాని కట్టాడు. అదే కాన్‌స్టాంటినోపుల్, ఇప్పటి ఇస్తాంబుల్. పడమటి రోమ్ 476లో కూలిపోయింది. తూర్పు రోమ్ మాత్రం 1453 దాకా నడిచింది. ఆ రాజ్యం పోయాక ఎప్పటికో, 16వ శతాబ్దంలో, ఒక జర్మన్ పండితుడు వాడిన మాట నుంచి "బైజాంటైన్" అనే పేరు చరిత్ర పుస్తకాల్లో స్థిరపడింది. వెయ్యేళ్లకు పైగా బతికినవాళ్లకి, వాళ్లు పోయాక వేరేవాళ్లు పేరు పెట్టారన్నమాట.

బొలోన్యా నుంచి రీజినల్ రైలెక్కితే గంటా గంటంబావులో రవెన్నా వస్తుంది. చిన్న ఊరు. చుట్టూ బురద నేల కాబట్టి శత్రువులు రావడం కష్టమని 402లో పడమటి రోమ్ రాజధానిని అక్కడికి మార్చారు. తర్వాత ఆస్ట్రోగోత్‌ల రాజు థియోడొరిక్ అక్కడి నుంచే ఏలాడు. 540లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి జస్టీనియన్ సైన్యం ఆ ఊరిని పట్టుకుంది. ఈ మూడు కాలాల కట్టడాలు ఎనిమిదింటిని యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది.

ఫోన్ కెమెరా ఓడిపోయే చోటు

సాన్ విటాలే చర్చి బయటి నుంచి చూస్తే వట్టి ఇటుక కట్టడం. "దీనికోసమా టికెట్ కొన్నాం" అనిపిస్తుంది. లోపలికి అడుగు పెడితే గోడలు వెలుగుతుంటాయి.

అది మొజాయిక్. వేలిగోరంత గాజు, రాతి ముక్కలు తడి సున్నంలో ఒక్కొక్కటిగా గుచ్చి చేసిన బొమ్మ. మన భాషలో పిక్సెల్స్ అనుకోండి. బంగారు రంగు ముక్కలో నిజంగానే బంగారం ఉంటుంది. రెండు గాజు పొరల మధ్య పల్చటి బంగారు రేకు పెట్టి కరిగిస్తారు. ఫోన్ స్క్రీన్‌కీ దీనికీ తేడా ఒకటుంది. మన పిక్సెల్స్ అన్నీ చదునుగా ఒకే వైపు చూస్తాయి. ఇక్కడ ప్రతి ముక్క కాస్త వేరే కోణంలో వాలి ఉంటుంది. చదునుగా అతికిస్తే గోడ మొత్తం అద్దంలా మారి ఒక్కచోటే కళ్లు జిగేల్‌మనేవి. ఇలా వాల్చి పెట్టడం వల్ల మనం నాలుగడుగులు వేస్తే వెలుగు కూడా మనతోపాటు కదులుతుంది. నూనె దీపాల వెలుగులో అది ఎలా ఉండేదో ఊహించుకోండి. ఫోటో తీస్తే పసుపు గోడ వస్తుంది, అంతే. నేను ఇరవై ఫోటోలు తీసి, ఇరవయ్యీ డిలీట్ చేశాను.

ఆ చర్చిని 547లో ప్రారంభించారు. బలిపీఠానికి ఒక పక్క గోడ మీద జస్టీనియన్, ఎదుటి గోడ మీద ఆయన రాణి థియోడోరా. వాళ్లిద్దరూ రవెన్నాకి వచ్చినట్టు ఆధారమే లేదు. పాలించేవాళ్ల బదులు వాళ్ల బొమ్మలు వచ్చి కూర్చున్నాయి, ఆఫీసుల్లో నాయకుల ఫోటోల్లాగా. పైగా జస్టీనియన్ తల మీద పేరు లేదు. పక్కనున్న బిషప్ మాక్సిమియన్ తల మీద మాత్రం పెద్దక్షరాల్లో పేరుంది. "పనులన్నీ దగ్గరుండి చూసుకున్నవాడు ఎవరో ఇప్పుడు అర్థమైందా?" అని మేడమ్ నవ్వారు.

నన్ను పట్టేసింది థియోడోరా. ఆమె తండ్రి కాన్‌స్టాంటినోపుల్ రథాల మైదానంలో ఎలుగుబంట్లని సాకేవాడు. ఆమె రంగస్థల నటి. అలాంటి అమ్మాయిని పెద్దింటివాళ్లు పెళ్లాడకూడదని అప్పట్లో చట్టం. ఆ చట్టాన్ని మార్పించాకే జస్టీనియన్‌తో పెళ్లయింది. ఆ అమ్మాయే ఇక్కడ ఊదారంగు వస్త్రంలో, చెవుల పక్కన ముత్యాల సరాలు వేలాడుతుండగా, మన కళ్లలోకి సూటిగా చూస్తుంటుంది. చర్చి ప్రారంభమైన మరుసటి ఏడాదే, 548లో, ఆమె చనిపోయింది.

కూలిన గుమ్మటం, మారిన డిజైన్

సెమిస్టర్ మధ్యలో మా బ్యాచ్‌లో కొందరం చవక ఫ్లైట్ పట్టుకుని ఇస్తాంబుల్ వెళ్లాం, హాగియా సోఫియా చూడ్డానికి. ఇంజినీరింగ్ చదివినవాళ్లకి అది కథల పుస్తకం లాంటిది.

532లో నగరంలో పెద్ద అల్లర్లు జరిగి పాత చర్చి తగలబడింది. ఆరేళ్లలోపే, వెయ్యిన్నొక్క కబుర్లు చెప్పుకోకుండా, సరిగ్గా 537 డిసెంబర్ నెలాఖరుకి కొత్తది నిలబెట్టారు, మనం ఇప్పుడు చూసేది అదే. కట్టించిన ఇద్దరూ, ఆంథీమియస్, ఇసిడోర్, మామూలు మేస్త్రీలు కాదు. జ్యామితిలో పండితులు. వాళ్ల ముందున్న సమస్య: కింద చదరపు గది, పైన గుండ్రటి గుమ్మటం. గుండ్రటిదాన్ని చదరం మీద ఎలా కూర్చోబెట్టాలి?

ఇంట్లో బత్తాయి ఉంటే ప్రయత్నించండి. సగానికి కోసి ఒక చెక్కని బోర్లించండి. నాలుగు పక్కలా నిలువుగా చెక్కి చదరంగా చేయండి. ఇప్పుడు పై భాగాన్ని అడ్డంగా కోసేయండి. నాలుగు మూలల్లో వంపు తిరిగిన త్రికోణాలు మిగులుతాయి. వాటినే పెండెంటివ్‌లు అంటారు. వాటి పై అంచులు కలిస్తే వృత్తం, కింది కొసలు నాలుగు స్తంభాల మీద. గుమ్మటం బరువు ఆ త్రికోణాల మీదుగా స్తంభాల్లోకి దిగిపోతుంది. గుమ్మటం వెడల్పు దాదాపు 31 మీటర్లు. దాని అడుగున చుట్టూ 40 కిటికీలు. ఎండ లోపలికొస్తుంటే గుమ్మటం గాల్లో తేలుతున్నట్టుంటుంది.

నాకు బాగా నచ్చింది తర్వాతి భాగం. 558లో భూకంపాల దెబ్బకి ఆ గుమ్మటం కూలిపోయింది. మొదటి డిజైన్ మరీ పల్చగా, చదునుగా ఉండేది. గుమ్మటం ఎంత చదునుగా ఉంటే కింది గోడల్ని బయటికి అంత గట్టిగా తోస్తుంది. మళ్లీ కట్టే పని మొదటి ఇసిడోర్ బంధువు, చిన్న ఇసిడోర్‌కి వచ్చింది. ఆయన అదే గుమ్మటాన్ని అతికించి ఊరుకోలేదు. దాదాపు 6 మీటర్ల ఎత్తు పెంచి, 562కి కొత్త గుమ్మటం ఇచ్చాడు. తర్వాత 10వ, 14వ శతాబ్దాల్లో కొంత భాగం కూలింది, మళ్లీ కట్టారు. కానీ డిజైన్ అదే నిలబడింది. మా టీమ్‌లో సర్వర్ పడిపోయిన ప్రతిసారీ "రీస్టార్ట్ చేద్దాం" అని ఒకరంటారు. నాకు మాత్రం చిన్న ఇసిడోర్ గుర్తొస్తాడు.

ఆ కట్టడం 1453 తర్వాత మసీదైంది, 1930లలో మ్యూజియం అయింది, 2020లో మళ్లీ మసీదైంది. 2024 నుంచి విదేశీ పర్యాటకులు టికెట్ కొని పై అంతస్తు మాత్రమే చూడాలి. నేను వెళ్లినప్పుడు ముందు వైపు పైన ఉన్న మరియమాత మొజాయిక్‌కి అడ్డంగా తెల్లటి తెరలు కట్టి ఉన్నాయి. ఆ బొమ్మ కూడా ఒక గొడవ ముగిశాక వచ్చిందే. 8, 9 శతాబ్దాల్లో దేవుడి బొమ్మలు ఉండాలా వద్దా అని బైజాంటియంలోనే పెద్ద పోరు నడిచింది. ఎన్నో బొమ్మలు పోయాయి. 843లో బొమ్మల పక్షం గెలిచింది. ఆ మరియమాత మొజాయిక్‌ని 867లో ఆవిష్కరించారు.

ఇక్కడ ఎవరు లేరు?

ఇటలీలో చాలా పరీక్షలు నోటితోనే. 30కి మార్కులు, 18 వస్తే పాస్. నా వంతు వచ్చినప్పుడు మేడమ్ ఒక ఫోటో నా ముందు పెట్టారు. రవెన్నాలోని సాంత్ అపోలినారే నువొవో చర్చి గోడ. థియోడొరిక్ రాజభవనం బొమ్మ. తోరణాలు, స్తంభాలు, తోరణాల్లో తెల్లటి పరదాలు.

"ఇందులో ఎవరున్నారు?" అని అడుగుతారనుకున్నాను. "ఇందులో ఎవరు లేరు?" అని అడిగారు.

క్లాసులో విన్నది గుర్తుంది. థియోడొరిక్ ఏరియన్ శాఖ క్రైస్తవుడు. అది ఆయన కట్టించుకున్న చర్చి. జస్టీనియన్ మనుషులు ఊరిని పట్టుకున్నాక ఆ చర్చి చేతులు మారింది. ఆ తోరణాల కింద మనుషుల బొమ్మలుండేవి. రాజు, ఆయన కొలువులోని వాళ్లు అని పండితుల అంచనా. వాళ్లని పీకేసి ఆ చోట్లో పరదాలు అతికించారు. కానీ కొందరి చేతులు స్తంభాల మీదకి చాచి ఉన్నాయి. ఆ స్తంభాల్ని ఎవరూ మార్చలేదు. అందుకే ఇప్పటికీ, దాదాపు 1,450 ఏళ్ల తర్వాత కూడా, తెల్లటి స్తంభాల మీద చేతులు, వేళ్లు కనిపిస్తాయి. వాటి వెనక మనుషులు ఉండరు.

అదే చెప్పాను. 28 వచ్చింది.

ఆ ప్రశ్న మాత్రం పరీక్షతో అయిపోలేదు. పాత కోడ్ చూసినప్పుడు, వెళ్లిపోయినవాళ్ల పేర్లు తీసేసిన ప్రాజెక్ట్ రిపోర్ట్ చూసినప్పుడు, ఊరి పేరు మారిన బోర్డు చూసినప్పుడు, మా ఇంట్లో ఆడవాళ్ల పేర్లు లేని వంశవృక్షం చూసినప్పుడు అదే అడుగుతాను: ఇక్కడ ఎవరు లేరు? చెరిపేసేవాళ్లు మనిషిని తీసేస్తారు, చెయ్యి ఎక్కడో మర్చిపోతారు. వెతికితే దొరుకుతుంది. మెషిన్ లెర్నింగ్ నాకు ఉన్న డేటాతో పని చేయడం నేర్పింది. లేని డేటాని పట్టించుకోవడం ఈ కోర్సు నేర్పింది.

బయటికి చదువుకోడానికి వెళ్తున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక్క మాట. లోన్ కట్టాలి, ఉద్యోగం వెతకాలి, నిజమే. కానీ మనం డబ్బు కట్టేది డిగ్రీకి మాత్రమే కాదు, ఆ ఊళ్లో రెండేళ్లు ఉండడానికి కూడా. ఫ్రీ ఎలెక్టివ్ ఒక్కటి మీ బ్రాంచికి సంబంధం లేనిది తీసుకోండి. ఆ ఊళ్లో మాత్రమే చదవగలిగేది అయితే ఇంకా మంచిది.

ఎప్పుడైనా రవెన్నా వెళ్తే, సాంత్ అపోలినారే నువొవోలో లోపలికి వెళ్లగానే కుడి గోడకి తిరగండి. గుమ్మం దగ్గరే రాజభవనం ఉంటుంది. ఫోన్ జేబులో పెట్టి, ఒక్కో స్తంభమే చూస్తూ రండి. మొదటి చెయ్యి కనిపించేదాకా ఓపిక పట్టండి. మిగతావి అవే కనిపిస్తాయి.