రంగులు పూశాక అడిగే అభ్యంతరాలు

పట్టణాల మాస్టర్ ప్లాన్ల గురించి చదువుకున్నవారిలోనూ అధికార యంత్రాంగంలోనూ స్థిరపడిపోయిన అభిప్రాయం ఒకటుంది. ప్లాన్లు మంచివేననీ, వాటిని గీసేది నిపుణులేననీ, లోపమంతా అమలులోనే ఉందనీ, రాజకీయ జోక్యమూ ఆక్రమణలూ ప్రజల అవగాహనలేమీ కలిసి కాగితం మీది చక్కని పట్టణాన్ని నేల మీదికి రానివ్వడం లేదనీ ఆ అభిప్రాయం సారాంశం. ముసాయిదాపై జనం నోరు విప్పితే చాలు, అభివృద్ధికి అడ్డుపడుతున్నారన్న ముద్ర వేసే స్థాయికి ఇది చేరింది. ఈ వాదన తప్పు. మాస్టర్ ప్లాన్ చాలా సందర్భాల్లో అమలుకు రాకముందే, తయారయ్యే పద్ధతిలోనే ఓడిపోతోంది. ఆ ఓటమికి ప్రజలను బాధ్యులను చేయడం అన్యాయం.

మాస్టర్ ప్లాన్ అంటే రానున్న పదిహేను, ఇరవై ఏళ్లలో పట్టణం ఎటు పెరగాలో, ఏ భూమి నివాసానికి, ఏది వ్యాపారానికి, ఏది పరిశ్రమకు, ఏది పచ్చదనానికి ఉండాలో, కొత్త రోడ్లు ఎక్కడెక్కడ పోవాలో ముందుగా నిర్ణయించే చట్టబద్ధమైన పత్రం. ఒక్కో వినియోగానికి కేటాయించిన ప్రాంతాన్ని జోన్ అంటారు. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టమే కాలక్రమంలో తెలంగాణకూ విస్తరించి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ పనికి ఇప్పటికీ మూలాధారంగా ఉంది. మున్సిపాలిటీ తరఫున ఒక కన్సల్టెన్సీ సంస్థ ఉపగ్రహ చిత్రాల సాయంతో పటం తయారుచేస్తుంది. జనాభా ఎంత పెరుగుతుందో అంచనా వేస్తుంది. డీటీసీపీగా వ్యవహరించే పట్టణ, గ్రామీణ ప్రణాళికా డైరెక్టరేట్ సాంకేతికంగా పరిశీలిస్తుంది. కౌన్సిల్ తీర్మానంతో ముసాయిదా వెలువడుతుంది. ఆ తర్వాతే ప్రజల అభ్యంతరాలు, చివరగా ప్రభుత్వ ఆమోదం. ఈ వరుసలో ప్రజల మాట ఎక్కడ వచ్చిందో గమనించాలి. జోన్లు ఖరారై, రోడ్లు గీసి, రంగులు పూసిన తర్వాత వచ్చింది.

కామారెడ్డిలో జరిగింది ఇదే. 2022 చివర్లో అక్కడి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌ను ప్రకటించి, 2023 జనవరి 11 వరకు అభ్యంతరాలకు గడువిచ్చింది. అడ్లూర్, అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్ వంటి చుట్టుపక్కల గ్రామాల రైతులకు తమ సాగుభూములు పారిశ్రామిక జోన్‌లోనో గ్రీన్ జోన్‌లోనో పడ్డాయని అప్పుడే తెలిసింది. ఆందోళన కలెక్టరేట్ ముట్టడి దాకా వెళ్లింది, కొందరు హైకోర్టు తలుపు తట్టారు. ఆ రోజుల్లోనే ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. భూమి పారిశ్రామిక జోన్‌లోకి పోతుందన్న ఆవేదనే కారణమని కుటుంబసభ్యులు చెప్పారు. జనవరి 20న కౌన్సిల్ ప్రత్యేకంగా సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలో కూడా అదే నెలలో ముసాయిదా వెనక్కి పోయింది. నెలల తరబడి సాగిన సర్వే, పెట్టిన ఖర్చు, చేసిన లెక్కలు అన్నీ వృథా అయ్యాయి. అమలు అనేది మొదలే కాని చోట అమలు లోపాన్ని ఎవరూ చూపలేరు.

ముసాయిదా ప్రదర్శనకు పెట్టినప్పుడు సామాన్యుడికి ఏం కనిపిస్తుందో దగ్గరగా చూడవలసి ఉంది. 1:10,000 కొలమానంలో గీసిన పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద వంద మీటర్లకు సమానం. ఆ లెక్కన ఎకరం పొలం పటం మీద ప్రతి పక్కా ఆరున్నర మిల్లీమీటర్లు కూడా లేని చిన్న గడి. అన్నదమ్ముల పంపకాల్లో వచ్చిన పది గుంటలైతే దాదాపు మూడు మిల్లీమీటర్లే, అంటే ఒక కందిగింజ కన్నా చిన్నది. ప్రతిపాదించిన వంద అడుగుల రోడ్డు మందం కూడా దాదాపు మూడు మిల్లీమీటర్లే. ఆ గీత ఒక్కటి పది గుంటల భూమిని దాదాపు పూర్తిగా కప్పేస్తుంది. పటం మీద సర్వే నంబర్లు స్పష్టంగా లేకపోతే, సూచికలోని పసుపు నివాసమనీ, ఊదా పరిశ్రమ అనీ తెలుగులో రాసి ఉండకపోతే, పట్టాదారు పాసుపుస్తకం చేతిలో పట్టుకుని వచ్చిన మనిషి తన భూమి ఏ రంగు కింద పడిందో తేల్చుకోవడానికే గడువులో సగం రోజులు అయిపోతాయి. అవగాహనలేమి అని అధికారులు నిందిస్తున్నది ఈ పరిస్థితినే. పటం చదవడం రాకపోవడం రైతు తప్పు కాదు, అతనికి చదవడానికి వీలుగా పటం గీయకపోవడం మున్సిపాలిటీ తప్పు.

ఇది ముసాయిదా మాత్రమే, ఒక్క ఎకరం కూడా సేకరించడం లేదు కదా అన్న సమాధానం కామారెడ్డిలోనూ వినిపించింది. చట్టం మాటల్లో అది నిజమే. జోన్ మారినంత మాత్రాన భూమి యాజమాన్యం మారదు, రైతు సాగు చేసుకోవచ్చు. కానీ పట్టణం అంచున ఉన్న భూమి పంట పండించే పొలం మాత్రమే కాదు. అది కూతురి పెళ్లికి, కొడుకు చదువుకు, ఆస్పత్రి ఖర్చుకు అవసరమైతే ఐదు గుంటలు అమ్ముకునే పొదుపు. పారిశ్రామిక జోన్ అన్న మాట బయటికి రాగానే ఇంటి స్థలం కోసం వచ్చే కొనుగోలుదారు వెనక్కి తగ్గుతాడు. పరిశ్రమ వచ్చేదాకా ఏళ్ల తరబడి ఆ భూమికి ధర పలకదు. పక్కనే పసుపు రంగు పడిన భూమి ధర పెరుగుతుంది. అంటే మాస్టర్ ప్లాన్ ఒక గీతతో కొందరికి లాభం, కొందరికి నష్టం పంచుతోంది, నష్టపోయినవారికి పరిహారం లేదు. 2013 నాటి భూసేకరణ చట్టం భూమిని తీసుకున్నప్పుడు పరిహారం చెల్లించమంటుంది. విలువను తీసుకున్నప్పుడు ఏమీ చెప్పదు. ఇంతటి పంపకాన్ని కేవలం సాంకేతిక విషయంగా చిత్రించడమే ఈ ప్రచారంలోని అసలు దోషం.

ప్లాన్ కన్నా ముందు సర్వే జరగాలని వంద సంవత్సరాల క్రితమే భారత పట్టణాలు తిరిగి నివేదికలు రాసిన స్కాట్లండ్ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డిస్ పట్టుబట్టాడు. ఆయన దృష్టిలో సర్వే అంటే కొలతలు మాత్రమే కాదు, ఆ ఊళ్లో మనుషులు ఏ దారిన నడుస్తారో, ఏ పనితో బతుకుతారో, నీళ్లు ఎటు పారుతాయో తెలుసుకోవడం. ఆకాశం నుంచి తీసిన చిత్రంలో ఎండిపోయిన కుంట ఖాళీ జాగాగానే కనిపిస్తుంది. వానాకాలంలో అది నీళ్లు నిలిచే శిఖం భూమి అని చెప్పగలిగేది ఆ ఊరి వృద్ధులే. ఏ వాగు ఏ ఏడు ఎంత దాకా పొంగిందో, ఏ బండ్లబాట మీద పది ఊళ్ల రాకపోకలు ఆధారపడ్డాయో వాళ్లకు నోటి మీద ఉంటుంది. ఈ జ్ఞానం కూడా సాంకేతిక సమాచారమే. దాన్ని వదిలేసి గీసిన ప్లాన్‌ను నిపుణుల ప్లాన్ అని పిలవడం నిపుణతకే చెడ్డపేరు.

అందరినీ అడుగుతూ కూర్చుంటే ఏ రోడ్డూ పడదన్న వాదం కూడా అనుభవానికి నిలవదు. గోవాలో ప్రాంతీయ ప్రణాళిక 2011పై ప్రజలు తిరగబడగా, 2007లో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించింది. తర్వాత ప్రాంతీయ ప్రణాళిక 2021 కోసం, ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా ముఖ్యపాత్ర వహించిన టాస్క్‌ఫోర్స్ పటాలను గ్రామ పంచాయతీలకు పంపి అభిప్రాయాలు తీసుకుంది. ఆ ప్రణాళిక కూడా తర్వాత వివాదాల్లో చిక్కుకున్న మాట వాస్తవం. అయినా ఊరి స్థాయిలో పటం పెట్టి చర్చించడం అసాధ్యమన్న మాట మాత్రం అక్కడితో చెల్లదు. అడగడానికి పట్టే కాలం ఎక్కువని వాదించేవారు, అడగకపోవడం వల్ల కామారెడ్డిలో పోయిన కాలాన్ని కూడా లెక్కలో వేయాలి.

ప్లాన్ సమీక్ష సంగతి ఇంతకన్నా విచారకరం. గడువు ముగిసిన ప్లాన్లే ఏళ్ల తరబడి కొనసాగుతుంటాయి. సమీక్ష జరగని ఆ కాలంలో మార్పులు ఆగవు. భూ వినియోగ మార్పిడి పేరుతో, రుసుము కట్టించుకుని, ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో జీవో వస్తుంది. సమగ్రంగా చర్చించాల్సిన పట్టణం ఇలా ముక్కలు ముక్కలుగా మారిపోతుంది, ఆ ముక్కల మొత్తం ఏమైందో ఏ కౌన్సిల్ సమావేశంలోనూ చర్చకు రాదు. హైదరాబాద్ శివార్లలో ఇదే ధోరణి పెద్ద స్థాయిలో కనిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ ఆంక్షలను తొలగించి, ఆ ప్రాంతానికి మార్గదర్శకాలు రూపొందించే పనిని ఒక కమిటీకి అప్పగించింది. ఆంక్ష ముందు పోయింది, ప్రణాళిక తర్వాతి మాట అయింది. సామాన్యుడి అభ్యంతరానికి గడువు లెక్కపెట్టే వ్యవస్థ, జీవోతో వచ్చే మార్పులకు మాత్రం ఇంత సులువుగా దారి ఇస్తుంటే, ప్లాన్ చెడిపోవడానికి జనం అవగాహనలేమి కారణమని చెప్పడం ఎంత మాత్రం సబబు కాదు.

ప్రజలను ముందే పిలవడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను 12వ షెడ్యూలులో మొట్టమొదటి అంశంగా పెట్టి మున్సిపాలిటీల పరిధిలోకి తెచ్చింది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డులో యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖ పౌరులతో వేర్వేరు కమిటీలు ఉండాలి. ప్రస్తుత భూ వినియోగ పటాన్ని, అంటే ఏ రంగు ప్రతిపాదనా లేకుండా ఈనాడు ఏ భూమిలో ఏముందో మాత్రమే చూపే పటాన్ని, సర్వే నంబర్లతో, తెలుగులో, ఆ కమిటీల ముందూ విలీన గ్రామాల రచ్చబండల దగ్గరా పెట్టి, తప్పులు దిద్దించుకున్న తర్వాతే ముసాయిదా గీయాలి. అందిన ప్రతి అభ్యంతరానికీ అంగీకరించారో లేదో, ఎందుకో రాతపూర్వకంగా జవాబివ్వాలి. భూ వినియోగ మార్పిడులన్నిటినీ ఏటా ఒకే పటం మీద చూపి కౌన్సిల్ ముందు పెట్టాలి.

మాస్టర్ ప్లాన్ తయారవుతున్న ప్రతి పట్టణంలోనూ పౌరులు ముసాయిదా వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే మున్సిపల్ కార్యాలయానికి వెళ్లి ప్రస్తుత భూ వినియోగ పటం చూపించమని అడగాలి. అందులో తమ చెరువు, తమ దారి, తమ పొలం సరిగ్గా ఉన్నాయో లేదో తమ కళ్లతో చూసుకోవాలి.