తూటా కంటే ముందు పేలే సలహాలు

మా చిన్నాయన వాళ్లది దుండిగల్. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎటు చూసినా ద్రాక్ష తోటలే. తోటలు పోయి వెంచర్లొచ్చాయి, వెంచర్లలో విల్లాలొచ్చాయి. ఔటర్ రింగు రోడ్డు దిగితే పది నిమిషాల్లో ఇల్లు. పొద్దున లేస్తే ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాల చప్పుడు, సాయంత్రం కోతుల గుంపు, రాత్రయితే చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. పిల్లలిద్దరూ అమెరికాలో. ఇంట్లో ఉండేది చిన్నాయన, చిన్నమ్మ.

పోయిన వేసవిలో పక్క వీధిలో దొంగలు పడ్డారు. మర్నాడు పొద్దున్నే ఫోనొచ్చింది.

"తుపాకి కొందామనుకుంటున్నరా. ఒక్కన్నే పోతే ఏం అడగాల్నో తెల్వది. నువ్వు తోడు రా."

పేపర్లో పనిచేసేవాడికి అన్నీ తెలుసని చిన్నాయన నమ్మకం. నాకు తెలిసిందల్లా దీపావళి తుపాకీ. అయినా వెళ్లాను. నగరం మధ్యలో ఓ పాత కొట్టు, పేరెందుకులెండి. లైసెన్స్ లేనిదే అమ్మరు కానీ అడిగినవన్నీ చూపించారు, టీ కూడా తాగించారు. కౌంటర్ వెనకాయన ఒకటి చెబితే, మాలాగే వచ్చి కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు రెండు చెప్పారు. గంటసేపట్లో ఒక్క తూటా పేలలేదు కానీ సలహాలు మాత్రం పటపటా పేలాయి!

సాయంత్రం ఇంటికొచ్చి అవన్నీ గొప్పగా చెబుతుంటే, వాయుసేనలో పనిచేసి రిటైరైన పక్కింటి పెద్దాయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి, "వీటిలో ఏ ఒక్కటి పాటించినా మీరు ఆస్పత్రికో జైలుకో వెళ్తారు" అన్నారు. ఆయన చెప్పినవి, ఆ తర్వాత నేను చట్టం పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నవి కలిపి ఈ వారం మీ ముందుంచుతున్నా.

'లైసెన్స్‌దేముంది సార్, మేం చూసుకుంటాం'

మొదటి సలహా ఇదే. ఇక్కడ ఆలస్యమైతే వేరే రాష్ట్రం నుంచి తెప్పిస్తారట. దేశమంతా చెల్లుతుందట!

అలా తెప్పించుకున్నవాళ్ల కథ తెలుసుకోవాలంటే జమ్ముకశ్మీర్ వైపు చూడాలి. 2012-16 మధ్య అక్కడిచ్చిన 2.78 లక్షలకు పైగా లైసెన్సుల్లో అక్రమాలు జరిగాయన్న ఆరోపణల మీద సీబీఐ రంగంలోకి దిగింది. అక్కడ ఎన్నడూ ఉండని వాళ్లకు కూడా లైసెన్సులు వెళ్లాయన్నది అభియోగం.

అసలు దారి ఒక్కటే. మన కమిషనరేట్ల పరిధిలో పోలీస్ కమిషనర్‌కు, మిగతా జిల్లాల్లో కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకోవాలి. 21 ఏళ్లు నిండాలి. పోలీసుల విచారణ ఉంటుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం శారీరక, మానసిక ఆరోగ్యంపై డాక్టర్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆయుధాన్ని జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పొందాలి. ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఇష్టం. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, అంతకుముందు మూడుండేవి. లైసెన్స్ గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

'పన్నెండు బోర్ తీస్కోండి, గురి అక్కర్లేదు'

చిన్నాయనకు బాగా నచ్చిన మాట ఇది. కళ్లజోడు మనిషి కదా! రెండు గొట్టాల తుపాకీ, అటువైపు తిప్పి నొక్కితే చాలు, గది నిండా గుళ్లు చిమ్ముతాయని చెప్పారు.

నిజమేమిటంటే, షాట్‌గన్ గుళ్లు విచ్చుకోవడానికి దూరం కావాలి. గొట్టం దాటిన ప్రతి గజానికీ సుమారు అంగుళం మేర విచ్చుకుంటాయన్నది వేటగాళ్ల పాత లెక్క. మన పడకగది పన్నెండడుగులు, అంటే నాలుగు గజాలు. అంత దగ్గర్లో గుళ్లన్నీ గుప్పెడంత చోటే తగులుతాయి. గురి తప్పిందా, మొత్తం తప్పినట్టే. తప్పిన గుళ్లు గాల్లో కలిసిపోవు. తలుపులోంచో కిటికీలోంచో దూసుకెళ్తాయి. ఆ వెనక ఎవరున్నారన్నది మన అదృష్టం.

'మేడమ్‌గారికైతే చిన్నది చాలు'

చిన్నమ్మ కోసం చేతిలో ఇమిడిపోయే రివాల్వర్ చూపించారు. ఈ ఆలోచన ఒక్క కొట్టుకే పరిమితం కాదు. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం మహిళల కోసమంటూ 'నిర్భీక్' అనే .32 రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో, ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. దాని మీద అప్పట్లోనే పెద్ద చర్చ జరిగింది.

తుపాకీ ఎంత తేలికైతే చేతిని అంత గట్టిగా వెనక్కి తంతుంది. బరువైన తుపాకీ ఆ దెబ్బను కొంత తనలోనే ఇముడ్చుకుంటుంది, తేలికైనది మొత్తం మణికట్టు మీద వేస్తుంది. గొట్టం పొట్టిది కాబట్టి గురి కూడా కష్టమే. అంటే ఎక్కువ సాధన అవసరమైన ఆయుధాన్ని, అసలు సాధనే చేయని మనిషి చేతిలో పెడుతున్నామన్నమాట.

'ఒక్క దెబ్బకి ఎగిరి అవతల పడతాడు'

ఈ సలహా కొట్టుది కాదు, మన సినిమాలది. హీరో కాలిస్తే విలన్ గాల్లో పల్టీ కొట్టి అద్దాల్లోంచి బయట పడతాడు. స్కూల్లో చదువుకున్న న్యూటన్ మూడో సూత్రం గుర్తుందా? తూటా దొంగను ఎంత బలంగా నెడితే, తుపాకీ మనల్నీ దాదాపు అంతే బలంగా నెట్టాలి. అతను ఎగిరి పడాలంటే మనమూ మంచం మీంచి ఎగిరి పడాల్సిందే. నిజంలో తూటా తగిలిన మనిషి వెంటనే కూలిపోతాడన్న నమ్మకం లేదు, చేతిలో కత్తితో ఇంకొన్ని అడుగులు ముందుకు రానూవచ్చు.

'మ్యాగజైన్ తీసేస్తే ఖాళీయే'

పెద్దాయన ముఖంలో నవ్వు మాయమైంది ఇక్కడే. "నా సర్వీసులో నేను భయపడ్డ మాట ఇదొక్కటే" అన్నారు.

పిస్తోలులోంచి మ్యాగజైన్ తీసేసినా, అప్పటికే గొట్టం వెనక గదిలోకి ఎక్కిన ఒక తూటా అక్కడే ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే అది చాలావరకు పేలుతుంది. 'ఖాళీది' అనుకున్న తుపాకీని తుడుస్తూనో, స్నేహితులకు చూపిస్తూనో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. 2024 నవంబరులో అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థి ఒకరు తన తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా పేలి చనిపోయాడు. ఆ వార్త చదివి ఎన్ని ఇళ్లలో తల్లులు పిల్లలకు ఫోన్లు చేసి ఉంటారో!

అందుకే ఎక్కడ శిక్షణ ఇచ్చినా మొదటి రోజు చెప్పే పాఠాలు మూడు. ప్రతి తుపాకీ నిండుగా ఉందనే అనుకో. కాల్చదలుచుకోని దాని వైపు గొట్టం తిప్పకు. కాల్చాలని నిర్ణయించుకునేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. మేం కూర్చున్న గంటలో కౌంటర్ దగ్గర ఈ మూడింటిలో ఒక్కటీ వినలేదు.

దీనికి తోడబుట్టింది ఇంకోటుంది, 'దిండు కింద పెట్టుకోండి' అని. వాడనప్పుడు ఆయుధాన్ని తాళం వేసి భద్రంగా దాచాలంటున్నాయి నియమాలు. దిండు కింద ఉన్నది దొంగ చేతికి చిక్కేలోపు మనవడి చేతికి చిక్కుతుంది.

'గాల్లోకి ఒకటి కాల్చండి చాలు'

గాల్లోకి కాల్చిన తూటా ఎక్కడో ఒకచోట కింద పడాలి. దుండిగల్, గండిమైసమ్మ, మల్లంపేట ఇప్పుడు ఖాళీ పొలాలేం కావు. పక్కన అపార్ట్‌మెంట్లు, పైన డాబాల మీద పడుకున్న కూలీ కుటుంబాలు.

పెళ్లి బరాత్‌ల్లో సరదాగా పేల్చడం కూడా ఈ కోవలోదే. 2019 సవరణతో దీనికి ప్రత్యేకంగా శిక్ష వచ్చింది. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా గానీ, వేడుకగా గానీ కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2022 ఆగస్టులో మహబూబ్‌నగర్‌లో స్వాతంత్య్ర వజ్రోత్సవాల ర్యాలీలో అప్పటి మంత్రి శ్రీనివాస్ గౌడ్ గాల్లోకి కాల్చడం ఎంత దుమారం రేపిందో గుర్తుండే ఉంటుంది. అవి రబ్బరు బుల్లెట్లని ఆయన వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

'గేటు బయట పడితే లోపలికి లాగేయండి'

ఇది చెప్పింది కౌంటర్ వెనకాయన కాదు, పక్కన కూర్చున్న పెద్దమనిషి. చెవి దగ్గరికి వచ్చి మరీ చెప్పాడు. మా ఇంట్లోకొచ్చాడు కాబట్టి కాల్చానంటే కేసే ఉండదట!

ఇంతకంటే ప్రమాదకరమైన సలహా ఇంకోటి లేదు. ఆత్మరక్షణ హక్కు మనకు చట్టం ఇచ్చిందే. ఇంతకుముందు ఐపీసీలో ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో ఉంది. రాత్రిపూట తలుపులు పగలగొట్టి చొరబడేవాణ్ని, దోపిడీకి వచ్చినవాణ్ని ఎదుర్కొనేటప్పుడు ఆ హక్కు ప్రాణం తీసేదాకా కూడా వెళ్లొచ్చు. కానీ దానికి హద్దుంది. ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. సైకిలెత్తుకుని గోడ దూకి పారిపోయేవాడి వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు ఒప్పుకోవడం చాలా కష్టం.

ఇక శవాన్ని లాగడం సంగతి. రక్తపు మరకలు, తూటా వెళ్లిన దారి, ఈడ్చిన గుర్తులు.. ఇవన్నీ చూడటానికే కదా ఫోరెన్సిక్ వాళ్లున్నది. సాక్ష్యం తారుమారు చేయడం వేరే నేరం. అప్పటిదాకా ఆత్మరక్షణ అని నిలబడగలిగిన కేసు కాస్తా ఆ ఒక్క పనితో హత్య కేసుగా మారిపోవచ్చు.

'అదీ వద్దంటే ఎయిర్‌గన్.. బొమ్మే కదా!'

చివరికి కొట్టాయన చూపించింది ఇది. కోతులకు పనికొస్తుందని, లైసెన్స్ అక్కర్లేదని. రెండో మాట సగం నిజం. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్స్ అవసరం లేదు. ఆ హద్దు దాటితే కావాలి.

లైసెన్స్ అక్కర్లేనంత మాత్రాన బొమ్మయిపోదు. ఆ చిన్న సీసపు గుండు కన్ను పోగొడుతుంది, దగ్గర్నుంచి తగిలితే ఒంట్లోకి దిగుతుంది. 2023 జులైలో మన శామీర్‌పేటలోనే ఓ విల్లాలో ఎయిర్‌గన్‌తో కాల్చాడన్న ఆరోపణ మీద పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. కోతినైనా సరే, గాయపరిస్తే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. గురి తప్పి నెమలికి తగిలిందా, అది జాతీయ పక్షి, ఇక వన్యప్రాణి చట్టం కేసే.

చిన్నమ్మ అడిగిన ప్రశ్న

ఇదంతా వింటూ చిన్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. చివరికి అడిగింది.

"నడిమి రాత్రి నీళ్లకని లేచింది నేనైతే?"

ఎవరం మాట్లాడలేదు. కొట్టులో గంటసేపు విన్న సలహాలన్నిటిలోనూ చీకట్లో వచ్చేవాడు దొంగే. మన ఇళ్లలో చీకట్లో తిరిగేది ఎక్కువగా మనవాళ్లే.

ఆ ప్రశ్నకు అమెరికాలో లెక్కలు కట్టారు. 1993లో డాక్టర్ ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం ప్రచురించింది. తుపాకీ ఉన్న ఇళ్లలో, ఆ ఇంట్లోనే హత్య జరిగే ముప్పు 2.7 రెట్లు ఎక్కువని తేల్చింది. చంపినవాళ్లలో ఎక్కువమంది బంధువులో తెలిసినవాళ్లో! ఆ అంకెల మీద అక్కడ వాదోపవాదాలు చాలానే జరిగాయి. కానీ మనకు అంత దూరం వెళ్లే పనిలేదు. 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవ పెద్దలదాకా వెళ్లి, ఒకాయన లైసెన్స్ ఉన్న తుపాకీతోనే కాల్చాడు. ఒకరు చనిపోయారు, కాల్చినాయనకు కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. లైసెన్స్ తీసుకునేటప్పుడు ఆయనా దానికోసం తీసుకుని ఉండడు.

నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లుంటారు. తుపాకీ వాళ్లకు అవసరమే కావచ్చు. అలాంటివాళ్లు కొట్టుకు వెళ్లేముందు శిక్షణకు వెళ్లాలి. నెలనెలా సాధన చేయాలి. కొట్లో ఆయుధం గురించి అడగండి, ధర గురించి అడగండి. ఎప్పుడు కాల్చాలో, కాల్చాక ఏం చేయాలో మాత్రం అక్కడ అడక్కండి.

చిన్నాయన దరఖాస్తు ఇంకా నింపలేదు. ఇంటి చుట్టూ లైట్లు పెట్టించాడు, వెనక తలుపుకు ఇనుప గ్రిల్లు, గేటుకు కెమెరా. వీధిలోవాళ్లంతా కలిసి రాత్రి కాపలాకు మనిషిని పెట్టుకున్నారు. మంచం పక్కన గోడ మీద 100, 112 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి అంటించాడు. కళ్లజోడు లేకుండా కూడా కనిపించేలా!

మొన్న ఫోన్ చేస్తే అడిగాను, తుపాకీ సంగతేమైందని.

"అది కొంటే రాత్రంతా దాన్నే కావలి కాయాలె గదరా" అన్నాడు. వెనక నుంచి చిన్నమ్మ నవ్వు వినిపించింది.