గ్రహణం మొర్రి: చంద్రుడి మీద తప్పుడు పద్దు

2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణం. మా ఎదురింటి అమ్మాయికి అప్పుడు ఎనిమిదో నెల. తలుపులు బిగించి, దాదాపు మూడున్నర గంటలు కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందట!

పిండానికి ముఖం ఒక్క ముద్దగా రాదండీ. నుదుటి వైపు నుంచి ఒకటి, బుగ్గల వైపు నుంచి రెండు మొగ్గలు పెరుగుతూ వచ్చి అతుక్కుంటేనే పై పెదవి. ముక్కు కింద తడిమి చూసుకోండి, ఆ రెండు గట్లూ అతుకుల గుర్తులే. అతుకు పడకపోతే మొర్రి. ఈ పని 4 నుంచి 7 వారాల మధ్యే ముగుస్తుంది. చాలామందికి నెల తప్పిందని తెలిసేసరికే మొదలైపోయి ఉంటుంది. ఆడిట్ అయిపోయిన ఖాతాలో ఎనిమిదో నెల చంద్రుడొచ్చి ఎంట్రీ వేస్తాడా?

అసలు కారణాలు జన్యువులు, పొగతాగడం, ముందునుంచే ఉన్న మధుమేహం, కొన్ని మూర్ఛ మందులు. పంచాంగంలో వీటి ఊసుండదు. మొర్రితో బిడ్డ పుడితే మాత్రం "గ్రహణం వేళ కత్తిపీట ముట్టుకుంది" అని తల్లినే ఆడిపోసుకుంటారు. పెదవిని ఏడాదిలోపే ఆపరేషన్‌తో సరిచేస్తారు. ఆ నిందకు ఏ ఆపరేషన్ ఉంది?

"పాటిస్తే నష్టమేముంది?" అన్నారు ఆ అమ్మాయి మామగారు. నిండు గర్భిణిని నీళ్ళివ్వకుండా అన్ని గంటలు వెల్లకిలా ఉంచడం మంచిదో కాదో మీ డాక్టరునే అడగండి అన్నాను. ఇంతవరకూ అడగలేదు.