రీటేక్ లేని హీరోలు

2011లో సీసీఎల్ మొదలైనప్పుడు మన తెలుగు వారియర్స్ కెప్టెన్ వెంకటేష్. అప్పటికి మనం చిన్నపిల్లలం. క్రికెట్ సరిగ్గా అర్థం కాకపోయినా టీవీ ముందు నుంచి కదిలేవాళ్లం కాదు. సినిమాలో ఒంటిచేత్తో పదిమందిని కొట్టే హీరో ఇక్కడ చేతిలోకొచ్చిన క్యాచ్ వదిలేసి నాలుక కరుచుకునేవాడు. డూప్ లేడు, రీటేక్ లేదు. ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వులు. అయినా ఆ హీరో మీద ఇష్టం ఇంకాస్త పెరిగేది. 2015 నుంచి వరుసగా మూడుసార్లు కప్పు కొట్టాం గానీ, నాకు బాగా గుర్తుండిపోయినవి ఆ జారిపోయిన క్యాచ్‌లే.

ఇప్పుడు స్టార్లు రోజూ ఫోన్లో కనిపిస్తారు, నీట్‌గా ఎడిట్ అయ్యి. మనమూ అంతేగా? బ్యాక్‌లాగ్ దాచేసి సెల్ఫీ పెడతాం. నన్నడిగితే, అందరి ముందూ క్యాచ్ వదిలేసి, నవ్వేసి, తర్వాతి బంతికి మళ్లీ నిలబడ్డవాడే హీరో. ఈసారి స్పోర్ట్స్ డేకి ఆట రాదని గట్టుమీద కూర్చోకండి. దిగండి!