పులిజూదం – ప్రోగ్రామింగు

అనంతపురం జిల్లా శింగనమల ప్రాంతంలో బోరు మీద ఆధారపడిన రైతుకు ఆటో స్టార్టరు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు నిర్ణీతమైన గంటలలోనే వస్తుంది. అది వచ్చిన క్షణంలో మనిషి చేయి పడకుండానే మోటారు తిరగడానికి రైతు ఆ పెట్టెను బిగించుకొంటాడు. ‘కరెంటు వస్తే మోటారు నడుపు’ అన్న ఒకే ఒక ఆజ్ఞ అందులో ఉన్నది. కంప్యూటరుకు ఇచ్చే షరతుతో కూడిన ఆదేశం సరిగ్గా ఇటువంటిదే. అయితే మోటారు కదిలే తొలి క్షణాలలో మామూలుకన్న కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఊరి మోటార్లన్నీ ఒక్కసారే కదిలితే ఆ భారానికి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. బోరులో నీరు లేకుండా తిరిగితే మోటారే కాలిపోతుంది. వానలు అంతంతమాత్రమైన సీమలో ఆ నష్టం అప్పుగా మారుతుంది.

ఈ చిక్కును ఉన్నత పాఠశాల విద్యార్థుల ముందుంచవచ్చు. ‘కరెంటు వచ్చి, నీరు కూడా ఉంటే, ఒక్కొక్క మోటారు ఒక్కొక్క నిమిషం తేడాతో కదలాలి’ అని వారు ఆ ఆజ్ఞను విస్తరిస్తారు. చిన్న సర్క్యూట్ బోర్డు, నాలుగు బల్బులు ఉంటే ఆ ఆలోచన పనిచేస్తుందో లేదో బల్లమీదే తేలిపోతుంది. కోడింగు, రోబోటిక్సు అనే మాటలకు పల్లె బడిలో అర్థం ఇక్కడినుండి మొదలుకావాలి.

ప్రభుత్వాలు ఈ విద్యను గుర్తించకపోలేదు. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్, ఎంపికైన పాఠశాలలకు టింకరింగ్ ప్రయోగశాలల నిమిత్తం 20 లక్షల రూపాయల వరకు సాయం ఏర్పరచింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం మాధ్యమిక దశనుండే కోడింగు ఉండాలన్నది. సంకల్పం మంచిదే. కాని సామగ్రి వచ్చినంత మాత్రాన పాఠం రాదు. నల్లగీత వెంబడి నడిచే మరబొమ్మను వైజ్ఞానిక ప్రదర్శన నాడు చూపి, స్టాకు రిజిస్టరులో లెక్క తప్పుతుందన్న భయంతో మరునాడే బీరువాలో పెట్టి తాళం వేస్తే విద్యార్థికి దక్కేది చప్పట్ల జ్ఞాపకం మాత్రమే.

1967లో రూపొందిన ‘లోగో’ భాషకు ఆద్యులలో ఒకరైన సేమూర్ పాపర్ట్ తాబేలు ఒకదానిని పిల్లల చేతికిచ్చాడు. వారి ఆజ్ఞ ప్రకారం అది నడుస్తూ గీత గీస్తుంది. సమబాహు త్రిభుజం గీయదలచిన బాలుడు, లోపలి కోణం 60 డిగ్రీలు కదా అని తాబేలును 60 డిగ్రీలే తిప్పుతాడు. త్రిభుజం మూసుకోదు, సగం షడ్భుజి తేలుతుంది. తానే లేచి తాబేలువలె నడిచి చూచినప్పుడు, తిరగవలసినది బయటి కోణమని, అది 120 డిగ్రీలని అతనికి బోధపడుతుంది. పరీక్షలో ఆ తప్పుకు మార్కు పోతుంది, కథ ముగుస్తుంది. ఇక్కడ ఆ తప్పే రెండవ ప్రయత్నానికి దారి చూపుతుంది. మార్కుల భయంతో ప్రశ్న అడగడం మానుకొన్న పిల్లలకు ఇంతకన్న గొప్ప ఉపకారం మరొకటి లేదు.

అందుకు కంప్యూటరే కావాలా? అరుగులమీద సుద్దగీతలతో ఆడే పులిజూదంలో 23 స్థానాలు, మూడు పులులు, పదిహేను మేకలు. పులి పక్కనున్న మేకమీదుగా దూకుతుందని ప్రతి పిల్లవాడికీ తెలుసు. దానిని యంత్రానికి చెప్పవలసి వస్తే ‘పక్కన’ అంటే ఏమిటో, దూకిన తరువాత చోటు ఖాళీగా ఉండాలని ఎట్లా చెప్పాలో తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడమే గణితం. సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చిన జాతికి, అంకెలను ఆటగా, మాటగా మలచుకోవడం కొత్తవిద్య కాదు. ఆజ్ఞలు ఆంగ్లంలో ఉన్నా ఆలోచన తెలుగులో సాగవచ్చు.

ఆటపేరిట పతకాలు, పాయింట్లు ఎరగా చూపే పద్ధతి వేరు. ఎర తీసివేసిన నాడు ఆసక్తీ పోతుంది. మరొక లోపం చూడటానికి చిన్నది: పదిమంది జట్టులో బోర్డు, స్క్రూడ్రైవరు అబ్బాయిల చేతికి, రికార్డు పుస్తకం అమ్మాయిల చేతికి వెళ్లడం. చక్కగా వ్రాస్తారన్న మెప్పుతో వారిని ప్రయోగానికి దూరం చేస్తున్నారు. ఉపాధ్యాయుడు వారంవారం చేతులు మార్చాలి. బీరువా తాళంచెవి కూడా, బడి విడిచిన తరువాత ఒక గంటసేపు, విద్యార్థుల దగ్గరే ఉండాలి.