నోరు నొక్కే నోటీసులు

హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటే పై అధికారికి అర్జీ పెడతాం. ఊరి చెరువులోకి ఫ్యాక్టరీ మురుగు వదిలితే కలెక్టరుకు దరఖాస్తు ఇస్తాం, విలేకరులకు చెబుతాం. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలో మనకిచ్చిన వాక్‌స్వాతంత్య్రం ఇలాంటి రోజుకే. కానీ అలా మాట్లాడినందుకు "నా పరువు పోయింది, కోటి రూపాయలు కట్టు" అని లాయరు నోటీసు వస్తే?

ఇలాంటి దావా వేసే పెద్దమనిషికి గెలుపు ముఖ్యం కాదు. మనల్ని వాయిదాల చుట్టూ తిప్పడమే ముఖ్యం. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు, లాయరు ఫీజులు పెట్టుకుని పేదవాడు ఎన్నాళ్ళు తిరుగుతాడు? చివరికి క్షమాపణ రాసిచ్చి వస్తాడు. అతణ్ణి చూసి ఊరంతా నోరు మూసుకుంటుంది. తీర్పు రాకముందే శిక్ష పడిపోయినట్టే!

ఈ రోగానికి కొన్ని చోట్ల మందు కనిపెట్టారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1992లో ఒక చట్టం చేసింది. ప్రజాసమస్యపై మాట్లాడినవారి మీద దావా వేస్తే, గెలిచే అవకాశం ఉందని వేసినవాడే మొదట్లో చూపించాలి. చూపలేకపోతే కేసు కొట్టేస్తారు. ఎదుటివారి లాయరు ఖర్చులు కూడా అతడే కట్టాలి.

మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ప్రభుత్వం తన పరువు పోయిందని నష్టపరిహారం దావా వేయలేదని 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పరువునష్టాన్ని నేరంగా చూసే సెక్షన్లు చెల్లుతాయని 2016లో అదే కోర్టు తీర్పునిచ్చింది. నేడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు పడవచ్చు.

అయితే ఆ సెక్షన్‌లోనే మనకు రక్షణ ఉంది. ప్రజాహితం కోసం చెప్పిన నిజం నేరం కాదు. సద్భావంతో తగిన అధికారికి చేసిన ఫిర్యాదూ నేరం కాదు. చిక్కల్లా ఆ మాట కోర్టులో రుజువయ్యేదాకా తిరగాల్సింది మనమే.

పరువు అందరికీ ఉంటుంది. అబద్ధం ప్రచారం చేసినవాడు జవాబు చెప్పాల్సిందే. కానీ నిజం చెప్పినవాణ్ణి విచారణ పేరుతో అలిసిపోయేలా చేయడం న్యాయం కాదు. అక్రమ దావాలను మొదటి వాయిదాల్లోనే కొట్టేసి, ఖర్చులు రాబట్టే చట్టం మనకూ కావాలి.

అది వచ్చేదాకా అర్జీలో చూసిందే రాద్దాం, తేదీ వేద్దాం, నకలు దాచుకుందాం, రసీదు అడుగుదాం, పదిమందిమి కలిసి సంతకాలు చేద్దాం. భయపడి మాత్రం కలం మూయవద్దు!