ఆ ఇంట్లో ఉన్నామని ఎవరు చెప్పాలి?

నాన్న పోయిన మూడేళ్లకు అటక మీది ట్రంకు పెట్టె దించాం. అమ్మ పట్టుచీరల కింద ఒక కవరు, అందులో 1986 నాటి షేరు సర్టిఫికెట్లు రెండు. కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. ఏడేళ్లు వరసగా డివిడెండు ఎవరూ తీసుకోకపోతే, 2013 కంపెనీల చట్టం ప్రకారం ఆ షేర్లు ఐఈపీఎఫ్ అనే కేంద్ర నిధికి వెళ్తాయి. మావీ అలాగే వెళ్లాయి. వారసులు అడిగితే తిరిగి ఇవ్వాలన్నది కూడా చట్టమే.

అడిగాం. వాటాదారుల లెక్కలు చూసే రిజిస్ట్రార్ నుంచి ఉత్తరం వచ్చింది: మా రికార్డులో ఉన్న పాత చిరునామాకు రుజువు పంపండి అని. అది విజయవాడ సత్యనారాయణపురంలో మేం ఆరేళ్లు అద్దెకున్న ఇల్లు.

అద్దెకున్నవాళ్ల పేరు ఏ కాగితం మీద ఉంటుంది? కరెంటు బిల్లు ఇంటివాళ్ల పేరున, ఇంటి పన్ను ఇంటివాళ్ల పేరున. ఒకటో తారీఖున అద్దె చేతికివ్వడమే తప్ప అగ్రిమెంటు రాసుకున్నది లేదు. ఓటరు గుర్తింపు కార్డులు మొదలైందే 1993లో. ఆధార్ 2010లో వచ్చింది. పాన్ కార్డు మీద చిరునామాయే ఉండదు. ఆ పెంకుటిల్లు కూడా ఇప్పుడు లేదు. అక్కడ అపార్ట్‌మెంట్ కట్టారు, డోర్ నంబరు మారింది. సర్టిఫికెట్ మీద కృష్ణా జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్ నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. తెలంగాణలోనూ 10 జిల్లాలు 33 అయ్యాయి. జిల్లాల పేర్లు, ఇళ్ల నంబర్లు మార్చింది ప్రభుత్వాలు. ఆ మార్పుకు రుజువు తెమ్మంటున్నది మాత్రం ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబాన్ని.

రిజిస్ట్రార్ల జాగ్రత్తను నేను తప్పుపట్టను. దొంగ సంతకాలతో, మార్చిన చిరునామాలతో ఎవరూ అడగని షేర్లను కాజేసినవాళ్లున్నారు. కానీ అసలు సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం చేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లను, నలభై ఏళ్ల కిందటి అద్దె ఇల్లు రుజువు చేయలేదని తిప్పి పంపడం న్యాయం కాదు. అఫిడవిట్ తీసుకుని చిన్న మొత్తాలైనా ఇచ్చేయాలి. పాత డోర్ నంబరు, కొత్త నంబరు ఒకటేనని ధ్రువపత్రం ఇచ్చే బాధ్యత మున్సిపాలిటీలు తీసుకోవాలి.

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది ఒక దస్తావేజు. ఆ రోజుల్లోనే నాన్న మా ఊళ్లో పది సెంట్ల స్థలం కొన్నారు. కొన్నవారి పేరు, తండ్రి పేరు, కాపురముంటున్న ఇంటి డోర్ నంబరు మొదటి పేజీలోనే రాస్తారు కదా! సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ధ్రువీకరించిన నకలు తీసుకుని పంపాం. ఒప్పుకున్నారు. ఆ నకలు సంగతి మాకు తోచడానికే ఎనిమిది నెలలు పట్టింది. నాన్న ఆ స్థలం కొనకపోయి ఉంటే ఏం చూపించేవాళ్లమో నాకిప్పటికీ తెలియదు.

బ్యాంకుల్లో మరిచిపోయిన డిపాజిట్లు వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ పోర్టల్ తెచ్చింది. 2025 చివరి మూడు నెలలు కేంద్రం ఇలాంటి సొమ్ము కోసం జిల్లాల్లో శిబిరాలు కూడా పెట్టించింది. మంచి పనులే. అయితే డబ్బు ఉందని తెలిశాక మళ్లీ బ్యాంకు గడప ఎక్కాల్సిందే, కాగితాలు చూపించాల్సిందే.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారం పక్కన కూర్చోండి. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఏ ఊళ్లో, ఎవరింట్లో అద్దెకున్నారో డోర్ నంబర్లతో సహా రాయించుకోండి. పాత గ్యాస్ పుస్తకం, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, చిరునామా ఉన్న ఎల్ఐసీ రసీదు కనిపిస్తే పారేయకండి. రాయించుకున్న ఆ కాగితంతో కలిపి ఒకే కవరులో పెట్టి, అదెక్కడుందో పిల్లలకు చెప్పండి.